హైడ్రోజన్‌తో ఎన్ని బంధాలు? పట్టిక పక్కనపెట్టి ఎలక్ట్రాన్లు లెక్కపెట్టించండి

ఇంటర్ ఫస్టియర్ చదివే బాబుకి ఏ మూలకం హైడ్రోజన్‌తో ఎన్ని బంధాలు ఏర్పరుస్తుందో గుర్తుండట్లేదని, పట్టిక ఏదైనా ఇవ్వమని అడిగారు. పట్టిక వద్దండి. నారాయణగూడలో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ కోచింగ్ నోట్సు తెరిచినా అదే ఉంటుంది. దాన్ని బట్టీ పట్టిన పిల్లలే బోరాన్ దగ్గర బోల్తా పడతారు.

బయటి కర్పరంలో నాలుగు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఎలక్ట్రాన్లుంటే, ఆ సంఖ్యను ఎనిమిదిలోంచి తీసేయాలి. కార్బన్‌కి 4, నైట్రోజన్‌కి 3, ఆక్సిజన్‌కి 2, ఫ్లోరిన్‌కి 1, నియాన్‌కి సున్నా. కింది వరుసలో సిలికాన్ నుంచి ఆర్గాన్ దాకా ఇవే అంకెలు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఉంది కదా అని సల్ఫర్‌కి ఆరు హైడ్రోజన్లు తగిలించేస్తారు, అది తప్పు. అన్ని బంధాలు నిలబడాలంటే ఎలక్ట్రాన్లను ఫ్లోరిన్‌లా గట్టిగా లాగేది ఉండాలి, హైడ్రోజన్‌కి అంత బలం లేదు. నాలుగు కన్నా తక్కువ ఎలక్ట్రాన్లున్న సోడియం సంగతి వేరు: సోడియం హైడ్రైడ్‌లో బంధానికి గుర్తుగా వేసే గీతే అసలు గీయకూడదు. అది ఉప్పులాంటి స్ఫటికం, ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు హైడ్రైడ్ అయాన్లు (ఒక ఎలక్ట్రాన్ అదనంగా ఉన్న హైడ్రోజన్‌లు) ఉంటాయి.

ఇక బోరాన్. మూడు ఎలక్ట్రాన్లున్నాయి కాబట్టి మూడు బంధాలు, అంతవరకు సరే. కానీ అప్పటికి దాని చుట్టూ ఆరు ఎలక్ట్రాన్లే. అందుకే అలాంటి BH₃ అణువులు రెండు కలిసి డైబోరేన్ (B₂H₆) అవుతాయి. బాబు చేత కాగితం మీద లెక్క వేయించండి: రెండు బోరాన్లవి 6, ఆరు హైడ్రోజన్లవి 6, మొత్తం 12. ఈథేన్‌లా ఏడు గీతలు గీస్తే 14 కావాలి, రెండు తక్కువ పడతాయి. కాబట్టి ఒక్కో బోరాన్‌కి రెండేసి మామూలు బంధాలు గీయాలి, 8 ఎలక్ట్రాన్లు అయిపోయాయి. మిగిలిన రెండు హైడ్రోజన్లు రెండు బోరాన్ల మధ్య వంతెనల్లా కూర్చుంటాయి. ఒక్కో వంతెనలో మూడు పరమాణువులు రెండే ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి. అందుకే ఆ బంధం బలహీనం, పొడవూ ఎక్కువే: మామూలు బంధం సుమారు 1.19 ఆంగ్‌స్ట్రామ్‌లైతే ఇది 1.33. కోఠిలో దొరికే బంతులు, పుల్లల కిట్‌తో దీన్ని కట్టలేరు, హైడ్రోజన్ బంతికి ఒక్కటే రంధ్రం ఉంటుంది మరి.

అయాన్లు వస్తే ముందు ఆవేశాన్ని సర్దాలి. అమ్మోనియంలో (NH₄⁺) నైట్రోజన్‌కి ఒక ఎలక్ట్రాన్ తగ్గించి చూస్తే కార్బన్ లెక్కే, 4. హైడ్రోనియంలో (H₃O⁺) ఆక్సిజన్‌ది నైట్రోజన్ లెక్క, 3. బోరోహైడ్రైడ్‌లో (BH₄⁻) బోరాన్‌కి ఒక ఎలక్ట్రాన్ కలుస్తుంది కాబట్టి 4, అక్కడ వంతెనల అవసరం రాదు.