ఆఫర్ వచ్చింది, ఉద్యోగం రాలేదు

ప్రశ్న: 2020లో కంప్యూటర్ సైన్స్ పూర్తి చేశాను. చేతికొచ్చిన ఆఫర్‌ను కంపెనీ కోవిడ్ పేరు చెప్పి మొదట వాయిదా వేసింది, తర్వాత రద్దు చేసింది. ఏడాదిన్నర ఖాళీగా ఉండి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరాను. ఇప్పుడు డెవలపర్ ఇంటర్వ్యూకి వెళ్తే చాలు, ఆ గ్యాప్ గురించే అడుగుతున్నారు. టెన్షన్‌తో తడబడుతున్నాను. ఏం చెప్పాలండీ?

జవాబు: జరిగింది జరిగినట్టు రెండు వాక్యాల్లో చెప్పేయండి. నేనూ ఇంటర్వ్యూలు చేసేవాడినే. 2020 బ్యాచ్ రెజ్యూమెలో ఆ ఖాళీ చూసి నేనైతే ఆశ్చర్యపోను. ఆ ఏడాది మే నెలలో, ఆన్‌లైన్‌లో బస ఇళ్లు బుక్ చేసే ఎయిర్‌బీఎన్‌బీ ఒక్కటే దాదాపు 1,900 మందిని తీసేసింది. అనుభవం ఉన్నవాళ్లే మళ్లీ ఉద్యోగాల వేటలో పడితే ఫ్రెషర్ల మొహం చూసేదెవరు? 2021లో నియామకాలు ఊపందుకున్నాయి. మళ్లీ 2022 నవంబరుకల్లా ఫేస్‌బుక్ కంపెనీ మెటా 11,000 మందికి పైగా ఉద్యోగులను ఇంటికి పంపింది. ఇందులో మీ చేతిలో ఉన్నదేముంది?

గ్యాప్ గురించి అడిగేవాళ్లు నిజానికి చూసేది మీకు ఇప్పుడేం వచ్చని. మాటను అటు తిప్పండి. టెస్టింగ్‌లో మీరు పట్టుకున్న ఒక మొండి బగ్ తీసుకోండి. లాగ్‌లో, అంటే ప్రోగ్రామ్ నడుస్తూ రాసుకునే రికార్డులో, ఏం చూసి అనుమానం వచ్చింది, దాన్ని మళ్లీ ఎలా రప్పించారు, కోడ్‌లో ఎక్కడ దిద్దితే పోయింది, ఇవన్నీ వరసగా చెప్పండి. ఆన్‌లైన్ సర్టిఫికెట్ల చిట్టా మాత్రం పెట్టకండి, నేనైతే చదవను.

అన్నట్టు, మీ కంపెనీలోనే డెవలప్‌మెంట్ టీమ్‌కి మారే వీలుందేమో ముందు మేనేజర్‌ని అడిగారా? అక్కడ మీ పని తెలిసినవాళ్లున్నారు, గ్యాప్ ఊసే రాదు.