కడ్డీ పోయిన పాత టెంటు: నిలబెట్టొచ్చు

మీ టెంటు కంపెనీ ఆపేసిన మోడల్, రెండు కడ్డీల్లో ఒకటే ఉంది, నేలలో దిగ్గొట్టే మేకులు లేవు, వివరాల కాగితమూ లేదన్నారు. టెన్షన్ వద్దండీ. మీది డోమ్ టెంటే కాబట్టి కడ్డీలు మూల నుంచి ఎదురు మూలకు ఇంటూ గుర్తులా వెళ్తాయి, మామూలుగా రెండూ ఒకే పొడవు. ఉన్నదాని పొడవు, లావు కొలవండి. అనుమానముంటే, కడ్డీ దూరే గొట్టంలోంచి పురికొస లాగి, ఈ మూల కన్నం నుంచి ఆ మూల కన్నం దాకా చూసుకోండి. ఆ కొలతకు ఫైబర్‌గ్లాస్ కడ్డీ తెప్పించండి. కరెంటు పైపు మాత్రం పెట్టకండి. నేను పెడితే మడతపడి గుడ్డ చిరిగింది.

మేకులకు ఇనుప చువ్వ వంచుకుంటే సరి. ఆర్కే బీచ్ ఇసుకలో అవి నిలవవు, సంచిలో ఇసుక నింపి తాడు కట్టి పాతిపెట్టండి.

గుడ్డకి నీళ్లు దిగకుండా వేసిన లోపలి పూత జిగురుగా చేతికంటుతోందా? అయితే వానకు పనికిరాదు. లంబసింగి మంచుకైనా పైన టార్పాలిన్ ఉండాల్సిందే.