‘ఫాస్ట్’ విశేషణమా, క్రియా?

ప్రాక్టీస్ పేపర్‌లో ‘ఫాస్ట్’ని ఒకచోట విశేషణం, ఇంకోచోట క్రియ అన్నారు, కీ తప్పా అని అడిగారు కదండీ. కీ సరైనదే. తెలుగులో వేగం, వేగమైన, వేగంగా అని మాట చివరే తేడా చెప్పేస్తుంది. ఇంగ్లిష్‌లో ‘ఫాస్ట్’ లాంటి మాట అలాగే ఉండి చోటు మారుతుంది. పక్కమాటలు చూడండి.

‘ఎ ఫాస్ట్ ట్రెయిన్’లో విశేషణం. ‘మెట్రో రన్స్ ఫాస్ట్’లో ఎలా నడుస్తోందో చెబుతోంది, క్రియావిశేషణం. ఇక్కడే చాలామంది ‘ఫాస్ట్‌లీ’ అని రాసేస్తారు, అది తప్పు. రంజాన్‌లో పాతబస్తీవాళ్ల గురించి ‘దే ఫాస్ట్ టిల్ సన్‌సెట్’ అంటే ఉపవాసం ఉంటారని, అది క్రియ. ‘దే ఫాస్టెడ్’ అని మార్చినా వాక్యం నిలుస్తుంది. ‘దే బ్రోక్ ద ఫాస్ట్’లో ఉపవాసం, నామవాచకం.

అయితే ముందు ‘ద’ కనబడగానే నామవాచకం అనేయకండి. ‘ద ఫాస్ట్ ట్రెయిన్’లో ఆ ‘ద’ ట్రెయిన్‌ది.