377 లేకపోయినా బెదిరిస్తే ఏం చెయ్యాలి?

ప్రశ్న: డేటింగ్ యాప్‌లో పరిచయమైన వ్యక్తి గదికి పిలిచాడు. ఇంకో ఇద్దరు లోపలికొచ్చి వీడియో తీశారు. ‘377 కేసు పెట్టిస్తాం’ అని యూపీఐలో 18 వేలు లాక్కున్నారు. మళ్ళీ అడుగుతున్నారు. స్టేషన్‌కి వెళితే నా మీదే కేసవుతుందా? (పేరు వద్దన్నారు, విజయవాడ)

జవాబు: కాదు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి సెక్షన్ 377, పరస్పర ఇష్టంతో దగ్గరైన వయోజనులకు వర్తించదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చేసింది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. నేరం చేసింది వాళ్ళే. బలవంతపు వసూలుకు 308, బెదిరింపుకు 351 సెక్షన్లున్నాయి. అనుమతి లేకుండా నగ్న దృశ్యాలు తీసి ఉంటే ఐటీ చట్టం 66ఇ కూడా పడుతుంది.

ఇక రూపాయి కూడా పంపకండి. ఒకసారి ఇచ్చినవాణ్ణే మళ్ళీ మళ్ళీ పిండుతారు. కోపంలో అవతలివాణ్ణి ముందే బ్లాక్ చెయ్యకండి. చాలా యాప్‌లలో దాంతోపాటు చాట్ కూడా మాయమవుతుంది. ముందు ప్రొఫైల్, చాట్, నంబర్లు, యూటీఆర్ నంబరుతో (ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య) సహా చెల్లింపు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఆ ఫోను మార్చకండి, రీసెట్ చెయ్యకండి. కోర్టులో చాట్ చెల్లడానికి భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి.

ఫిర్యాదులో మీ లైంగికత గురించి సంజాయిషీ అక్కర్లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత, ఏమని బెదిరించారు అన్నవి చాలు. నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చెయ్యాలి. తీసుకోకపోతే అదే ఫిర్యాదును పోలీస్ కమిషనర్‌కు (జిల్లాలో అయితే ఎస్పీకి) రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు.

ఒక లోటు మాత్రం ఉంది. వయోజనుడైన మగవాడిపై అత్యాచారం జరిగితే ఇదివరకు వాడింది 377నే. కొత్త సంహితలో దాని స్థానంలో ఏమీ పెట్టలేదు. ఆ నేరానికి సెక్షన్ కావాలని అడుగుతున్నవాళ్ళలో పాత 377ను ఎదిరించినవాళ్ళూ ఉన్నారు. ఇందులో వైరుధ్యమేమీ లేదు, వాళ్ళ గొడవ ఎప్పుడూ ఇష్టంతో కలిసినవాళ్ళను నేరస్తులను చెయ్యడం మీదే.

ప్రశ్న: నా స్నేహితురాలికి 23 ఏళ్ళు. తను ప్రేమించిన అమ్మాయితో హైదరాబాద్‌లో ఉంటోంది. వాళ్ళ నాన్నగారు మిస్సింగ్ కేసు పెట్టి ఊరికి తీసుకెళ్ళిపోయారు. ‘మార్చే’ డాక్టరుకి చూపిస్తున్నారట. (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే పిటిషన్) వెయ్యాలి. స్నేహితురాలిగా మీరైనా వెయ్యవచ్చు. ఇష్టానికి విరుద్ధంగా ఉంచారని ఆమె పంపిన మెసేజ్, వయసుకు పదో తరగతి మెమో జతచేయండి. ఇలాంటి కేసుల్లో కోర్టులే అమ్మాయిని కౌన్సెలింగ్‌కి పంపి నెలలు గడిపేవి. 2024 మార్చి 11న దేవు జి. నాయర్ కేసులో సుప్రీంకోర్టు దానికి అడ్డుకట్ట వేసింది. జడ్జి ఆమెతో ఏకాంతంగా మాట్లాడి ఆమె మాటే వినాలి. లైంగికతను మార్చే కౌన్సెలింగ్‌కి పంపకూడదు. ఇక ఆ డాక్టరు సంగతి. ‘మార్పు చికిత్స’ వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చెయ్యండి.

ఇంట్లోంచి వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. ‘నా ఇష్టంతో వెళుతున్నాను’ అని సంతకంతో స్టేషన్‌కి రిజిస్టర్డ్ పోస్టు పంపి రశీదు దాచుకోండి. మీ సర్టిఫికెట్లు తీసుకోండి, ఇంట్లో బంగారం ముట్టుకోకండి. దొంగతనం కేసు అలాగే పుడుతుంది.

ప్రశ్న: 377 ఎవరి పోరాటంతో పోయింది? మన తెలుగువాళ్ళ పాత్ర ఏమైనా ఉందా? (ఒక విద్యార్థి, వరంగల్)

జవాబు: తీహార్ జైల్లో కండోమ్‌లు ఇవ్వనివ్వకపోవడంతో ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే సంస్థ 1994లో ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఆ కేసు నిలవలేదు. 2001లో ఎయిడ్స్‌పై పనిచేసే నాజ్ ఫౌండేషన్ అక్కడే వేసిన కేసుకు 2009 జులై 2న అనుకూల తీర్పొచ్చింది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చివరికి గెలిపించింది 2018 తీర్పు. హైదరాబాద్‌లో ఇంకో చట్టం కూడా ఉండేది. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో (అప్పటి నిజాం లెక్క సంవత్సరం, సుమారు 1919) చేసిన ఆ చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లోకి ఎక్కించి, ఆడ బట్టల్లో బయట కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చెయ్యనిచ్చేది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో సవాలు చేస్తే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. స్వలింగ వివాహం కోసం సుప్రీంకోర్టుకెళ్ళిన సుప్రియో, అభయ్‌లు హైదరాబాద్‌లో ఉంటున్న జంటే. 2023 అక్టోబరు 17 తీర్పులో వాళ్ళకు ఆ హక్కు దక్కలేదు.

ప్రశ్న: పెళ్ళి చెల్లదు కదా, బ్యాంకులో భాగస్వామిని నామినీగా పెట్టుకోవచ్చా? (ఒక పాఠకుడు, విశాఖ)

జవాబు: పెట్టుకోవచ్చు. ఉమ్మడి ఖాతా కూడా తెరవచ్చని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. కానీ నామినీ డబ్బు అందుకునేవాడే తప్ప వారసుడు కాడు, రక్తసంబంధీకులు వచ్చి అడగవచ్చు. వీలునామా రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. సాక్షులుగా భాగస్వామిని వద్దు.