వైజాగ్‌లో ఓల్డేజ్ హోమ్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? రాత్రి ఎనిమిదింటికి వెళ్లి చూడండి

ప్రశ్న అడిగినవారు బెంగళూరులో ఉంటారు. పక్షవాతం వచ్చిన వాళ్లమ్మగారిని వైజాగ్‌లో ఏదైనా హోమ్‌లో చేర్చాలనుకుంటున్నారు. నాలుగు హోమ్‌ల వివరాలు రాశారు. ఒకదానిలో ఏసీ గది, ఒకదానికి సముద్రం కనిపించే బాల్కనీ, ఒకదానిలో వారం మెనూ, ఇంకోదానికి గూగుల్‌లో మంచి రేటింగ్. వీటిలో ఏది సేఫ్ అని అడిగారు.

మీరు రాసిన నాలుగింటిలో ఒక్కటి కూడా సేఫ్టీకి సంబంధించింది కాదండీ. మంచం దిగలేని మనిషికి బాల్కనీ ఎందుకు? రేటింగులు ఇచ్చేది లోపల ఉండే పెద్దవాళ్లు కాదు, ఆదివారం మధ్యాహ్నం వచ్చి గంట కూర్చుని వెళ్లేవాళ్లు. ఏ హోమైనా పగలు పదకొండింటికి బాగానే ఉంటుంది. తడిగుడ్డ పెట్టి తుడిచిన నేల, ఉతికిన దుప్పట్లు, టీవీలో భక్తి చానల్. అసలు సంగతి తెలియాలంటే చెప్పకుండా రాత్రి ఎనిమిదింటికి వెళ్లాలి. ఇది నేను ఎవరి దగ్గరో విని చెప్తున్నది కాదు.

మా నాన్న పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక సీతమ్మధారలో మాతోనే ఉండేవారు. స్ట్రోక్ వచ్చి కుడివైపు పూర్తిగా పడిపోయింది. మాది లిఫ్ట్ లేని బిల్డింగ్‌లో రెండో అంతస్తు. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగస్తులం. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. ఇంటికి వచ్చే ఆయాలు నెల తిరక్కుండానే మానేస్తుంటే, కొమ్మాది వైపు ఒక హోమ్‌లో చేర్చాం. కొత్త బిల్డింగ్, వెడల్పు వరండా, మాట తీరున్న మేనేజర్. మేం సాయంత్రం పూట వెళ్లినప్పుడల్లా నాన్న తల దువ్వి, పౌడరు రాసి, కుర్చీలో కూర్చోబెట్టి ఉండేవారు.

ఒకరోజు విజయనగరంలో పెళ్లి చూసుకుని కారులో తిరిగొస్తున్నాం. దారిలోనే కదా, నాన్నను ఒకసారి చూసి పోదామని ఆగాం. ఎనిమిది దాటింది. వాచ్‌మన్ గేటు తియ్యకుండా మేనేజర్‌కి ఫోన్ కలిపి ఇచ్చాడు. "విజిటింగ్ అవర్స్ నాలుగు నుంచి ఆరు మేడమ్" అన్నాడాయన. మా ఆయన గట్టిగా మాట్లాడితే గేటు తెరుచుకుంది.

లోపల లైట్లన్నీ ఆర్పేశారు. అయిదున్నరకే ఉప్మా పెట్టేసి, ఆరున్నరకల్లా అందరినీ మంచాలెక్కించేశారట. ఫోన్ లైటు వేసుకుని నాన్న మంచం దగ్గరికి వెళ్లాను. ఆయన పనిచేసే చెయ్యి ఎడమది ఒక్కటే. ఆ చేతిని చీర పీలికతో మంచం కమ్మీకి కట్టి ఉంచారు. మంచినీళ్ల సీసా కుడివైపు కిటికీ గట్టు మీద ఉంది, అంటే చచ్చుబడిన చెయ్యి వైపు. నన్ను చూసి ఆయన అడిగింది నీళ్లే. అవతల మంచం మీద ఒక పెద్దాయన బాత్రూమ్‌కి తీసుకెళ్లమని పిలుస్తున్నాడు. "డైపరుంది కదా తాతా, అందులోనే కానియ్" అని చీకట్లోంచి ఒక గొంతు వినపడింది.

ఆ గొంతు ఆయాది. యాభై దాటిన మనిషి, పాడేరు వైపు నుంచి వచ్చిందట. నాన్న చెయ్యి ఎందుకు కట్టారని అడిగితే ఏడ్చేసింది. "రెండు ఫ్లోర్లకీ నానొక్కద్దాన్నేనమ్మా. ఇరవైమందికి పైన ఉన్నారు. ఈయన లెగిసి పడిపోతే నన్నే అంతారు. ఏటి సెయ్యమంతారు?" అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు, ఇప్పటికీ లేదు. పగలు ఎనిమిదిమంది స్టాఫ్‌ని చూపించి, రాత్రికి ఒక్క ఆడమనిషిని వదిలేసి వెళ్లినవాళ్ల మీదే నా కోపమంతా.

నాన్న పాదం చూస్తే మడమ ఎర్రగా ఉంది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు తగ్గలేదు. మర్నాడు డాక్టరుకి చూపిస్తే, బెడ్‌సోర్ మొదలవుతోంది, ఇది తొలి దశ, ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే పుండయ్యేదన్నారు. తనంతట తాను కదలలేని మనిషిని దాదాపు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఎముక బయటికి ఉండే చోట్లే, అంటే నడుము కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర, చర్మం ముందు దెబ్బతింటుంది. రాత్రంతా ఒకే ఆయా ఉన్నచోట ఇరవైమందిని రెండు గంటలకోసారి ఎవరు తిప్పుతారు? అందుకే హోమ్‌కి వెళ్తే దుప్పటి తెల్లగా ఉందా అని కాదు, దుప్పటి తీసి మడమలు చూడండి. మీ అమ్మగారివి సరే, వీలైతే అక్కడ చాలాకాలంగా మంచాన ఉన్నవాళ్లెవరివైనా వాళ్లనడిగి చూడండి.

రాత్రి భోజనం వేళ కూడా ప్రాణానికి సంబంధించిన విషయమే. అయిదున్నరకు తిని, మళ్లీ పొద్దున ఎనిమిదిన్నరకు టిఫిన్ పెడితే మధ్యలో పదిహేను గంటలు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు రాత్రి షుగర్ పడిపోవచ్చు. చెమటలు పట్టి, మాట తడబడుతుంటే నిద్రమత్తనుకుని వదిలేస్తారు. నీళ్ల సంగతీ అంతే. ముసలితనంలో దాహం సరిగా తెలియదు, అడిగి అడిగి తాగించాలి. తాగిస్తే డైపరు మార్చాలి కాబట్టి కొన్నిచోట్ల నీళ్లే తగ్గిస్తారు. మన వైజాగ్ ఉక్కపోతలో అలా చేస్తే యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చి, మనిషి పొంతన లేకుండా మాట్లాడటం మొదలుపెట్టవచ్చు. దాన్ని చూసి వయసు మీద పడింది, మతి తప్పింది అనేస్తారు. ఆ తర్వాత అల్లరి చేస్తున్నారని నిద్రమాత్ర. నాన్న మందుల చీటీలో మాకు చెప్పకుండా చేర్చిన మత్తు మాత్ర ఒకటి కనిపించింది. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లకు యాంటీసైకోటిక్ మందులు, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకు వాడే మందులు ఇస్తే మరణం ముప్పు పెరుగుతుందని అమెరికా ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. కాబట్టి ప్రతినెలా మందుల లిస్టు వాట్సాప్‌లో పంపమనండి. కొత్తగా ఏ మాత్ర కనిపించినా ఎవరు రాశారో, ఎందుకు రాశారో అడగండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన ఊళ్లో పుట్టినరోజులకీ, వర్ధంతులకీ హోమ్‌లకు వెళ్లి భోజనాలు పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. మనసు మంచిదే, కాదనను. కానీ ఒకే రోజు మూడు కుటుంబాలు వచ్చి షుగరున్నవాళ్లకు లడ్డూలు తినిపించి, ఫోటోలు దిగి వెళ్లడం నేను కళ్లారా చూశాను. ఆ ముసలివాళ్ల ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టడానికి ఎవరి అనుమతి తీసుకున్నారు? అదే డబ్బుతో నెలకు సరిపడా పెద్దవాళ్ల డైపర్లు కొనివ్వండి. రాత్రి ఇంకొక ఆయాకి జీతం ఇవ్వండి.

నాన్నను అక్కడినుంచి తీసుకొచ్చేసి, పెందుర్తి వైపు ఇంకో హోమ్‌లో చేర్చాం. పాత డాబా ఇల్లు, గోడలకు పెచ్చులూడుతున్నాయి. ఫోటో తీస్తే మీరు ఇష్టపడరు. మేం మొదటిసారే చెప్పకుండా రాత్రి వెళ్లాం. ఓనరమ్మగారే వచ్చి తలుపు తీసి, లోపలికి రమ్మన్నారు. పన్నెండుమందికి ఇద్దరు ఆయాలు మేలుకుని ఉన్నారు. మంచానికో కాలింగ్ బెల్లు. ఎవరిని ఎన్నింటికి ఏ పక్కకు తిప్పారో రాసిన కాగితం గోడకు అంటించి ఉంది. ఒక ఆయా ఒక పెద్దావిడను నిటారుగా కూర్చోబెట్టి, గుటక వేశాకే తర్వాతి ముద్ద పెడుతోంది. అది చూశాకే నాకు నమ్మకం కుదిరింది. పక్షవాతం ఉన్నవాళ్లకు పడుకోబెట్టి తినిపిస్తే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు.

ఈ ఏడాది ఇక్కడ ఎవరైనా పడ్డారా అని ఓనరమ్మగారిని అడిగాను. ఇద్దరు పడ్డారని చెప్పి, ఎప్పుడు, ఎక్కడ, ఆస్పత్రికి ఎన్నింటికి తీసుకెళ్లారో రాసిన నోట్‌బుక్ చూపించారు. బాత్రూమ్ గుమ్మం దగ్గర ఒకరు పడ్డాకే అక్కడ కమ్మీ పెట్టించారట. ఈ ప్రశ్న మీరూ అడగండి. మా దగ్గర ఎప్పుడూ ఎవరూ పడలేదని చెప్పే హోమ్‌లో మాత్రం చేర్చకండి. పెద్దవాళ్లు పడతారు. పడలేదంటే దాస్తున్నారని, లేదా కట్టేస్తున్నారని అర్థం.

వైజాగ్‌కి ప్రత్యేకంగా అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు ఆడక నీళ్లు లేవు. బెడ్‌సోర్ రాకుండా వేసే గాలిపరుపులు, ఆక్సిజన్ అందించే కాన్‌సెంట్రేటర్లు, ఇన్సులిన్ దాచే ఫ్రిజ్ అన్నీ కరెంటుతోనే నడుస్తాయి. జనరేటర్ ఉందని చెప్తే సరిపోదు, స్టార్ట్ చేసి చూపించమనండి. రెండోది, 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది తెల్లవారుజామున, జనం నిద్రలో ఉన్నప్పుడు. నడవగలిగినవాళ్లు పరిగెత్తారు. మీ అమ్మగారు పై అంతస్తులో ఉంటే ఆ వేళప్పుడు కిందికి ఎవరు మోసుకొస్తారో మేనేజర్‌ని అడగండి. మంచాన ఉన్నవాళ్లకు గ్రౌండ్ ఫ్లోరే ఇవ్వమని పట్టుబట్టండి.

ఇన్ని చెప్పాను కానీ, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మన సిగ్గు. అమ్మను హోమ్‌లో వేశారని నలుగురూ అంటారని చాలామంది బంధువులకు చెప్పరు. ఊళ్లో మేనమామ ఉంటాడు, పెద్దమ్మ కొడుకు ఉంటాడు, అయినా అమ్మ మా దగ్గరే ఉందని అబద్ధం చెప్తారు. దాంతో ఆ మనిషిని చూడటానికి ఎవరూ రారు. ఎవరూ రాని మంచం ఏదో స్టాఫ్‌కి తెలిసిపోతుంది. ఆ మంచం దగ్గరే డైపరు ఆలస్యంగా మారుతుంది. నాన్నను చేర్చినప్పుడు మా మేనత్త నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు. అయినా అందరికీ చెప్పాను, అడ్రసు ఇచ్చాను, ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లమన్నాను. ఇప్పుడు ఆ అత్తే శనివారం శనివారం వెళ్లి ఆయన గోళ్లు తీసి వస్తుంది.

కాబట్టి మీరు బెంగళూరులో ఉండి ఎంచుకోవాల్సింది ముందు హోమ్‌ని కాదు, వైజాగ్‌లో వారానికోసారి వేళాపాళా లేకుండా వెళ్లగలిగే మనిషిని. ఆ మనిషి గోపాలపట్నంలో ఉంటే మధురవాడ హోమ్ ఎంత బాగున్నా వద్దు, దగ్గరలోదే చూడండి.

చట్టం గురించి కూడా అడిగారు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అదీ నిరుపేద వృద్ధుల కోసం, కనీసం 150 మందికి సరిపడేలా రాష్ట్ర ప్రభుత్వం పెట్టవచ్చు. మీ అమ్మగారి లాంటి వారికి డబ్బు కట్టించుకునే హోమ్ ఎలా ఉందో చూసుకోవడానికి ఆ ఒక్క సెక్షన్‌ను నమ్ముకుని కూర్చోలేం. కొట్టడం, కట్టేయడం, తిండి పెట్టకపోవడం లాంటివి కనిపిస్తే 14567కి ఫోన్ చేయండి. అది పెద్దవాళ్ల కోసం పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. జిల్లాలోని వయోవృద్ధుల సంక్షేమ శాఖకు రాతపూర్వకంగా కూడా ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

చేర్చే ముందు సంతకం పెట్టే కాగితంలో మూడు మాటలు ఉన్నాయో లేదో చూసుకోండి. కుటుంబం ఏ వేళకైనా రావచ్చని, మాకు చెప్పకుండా కట్టడం, మత్తుమందు ఇవ్వడం చేయకూడదని, మధ్యలో తీసుకెళ్లిపోతే డిపాజిట్‌లో ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారని. మొదటి హోమ్ మా డిపాజిట్ ఇప్పటికీ ఇవ్వలేదు. మొదటి షరతుకు ఒప్పుకోకపోతే మిగతావి చదవక్కర్లేదు, లేచి వచ్చేయండి. మీ నాలుగు హోమ్‌ల పేర్లు నాకు మెసేజ్ పెడితే, మా ఇంటికి దగ్గరున్నవాటికి ఒక రాత్రి నేనే వెళ్లి చూసి చెప్తాను.