టెక్ సందేహాలు: కోనికల్ అడుగున మడ్డి, వాల్వు దగ్గర తొందర

డాలస్ నుంచి ఒక పాఠకుడు: "బీరు పులియబెట్టే గాజు కార్బాయ్ (పెద్ద సీసా) పక్కన పెట్టి ఈమధ్యే 7 గ్యాలన్ల స్టీల్ కోనికల్ ఫెర్మెంటర్ (అడుగు గరాటులా ఉండే తొట్టి) కొన్నాను. అందులో 5 గ్యాలన్ల పేల్ ఏల్ బీరు వేశాను. పన్నెండో రోజు ఈస్ట్ (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) తీద్దామని కింది వాల్వు తిప్పితే కాస్త గోధుమరంగు మడ్డి వచ్చి, వెంటనే బీరు ధార కట్టింది. ఈస్ట్ ఏమైపోయింది? అసలు ఎప్పుడెప్పుడు తీయాలి?"

ఈస్ట్ ఎక్కడికీ పోలేదండీ. కోన్ గోడలకు కరుచుకుని అక్కడే ఉంది. వాల్వు ఒక్కసారిగా తెరిస్తే చిక్కటి ఈస్ట్ కంటే పైనున్న పలచటి బీరే ముందు కదులుతుంది. ఇసుక కుప్ప మీద నీళ్లు పోస్తే మధ్యలో దారి చేసుకున్నట్టు, బీరు ఈస్ట్ ముద్దకు నడిమధ్యన కన్నం చేసుకుని దిగిపోతుంది. నాకూ మొదటి రెండు బ్యాచ్‌లలో ఇదే జరిగింది, దాదాపు లీటరు మంచి బీరు బకెట్టు పాలైంది. ఆ బాధ ఇప్పటికీ గుర్తుంది.

అలా జరిగినప్పుడు వాల్వు మూసేసి కోన్ మీద అరచేత్తో చుట్టూ నాలుగు దెబ్బలు తట్టండి. కొన్ని గంటలు ఆగితే ముద్ద మళ్లీ జారి అడుగుకు చేరుతుంది. ఈసారి వాల్వును పెన్సిలు మందం ధార వచ్చేంతే తిప్పండి. ఒక కప్పు తీసి, ఆగి, ఇంకో కప్పు తీయండి. తారీఖులు చూసి కాదు, కప్పులో రంగు చూసి నిర్ణయించుకోవాలి.

అడుగున చేరేదంతా ఒకటే మడ్డి కాదు. ముందు దిగేది ట్రబ్. అంటే వోర్ట్ (బీరుగా మారబోయే తీపి మాల్టు రసం) మరిగేటప్పుడు, చల్లారేటప్పుడు విరిగిన ప్రోటీన్లు, హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) తుక్కు. ఇది ముదురు గోధుమ రంగులో, ఒక్కోసారి పచ్చగా ఉంటుంది. దీన్ని మొదటి రోజే, నురగ జోరందుకోక ముందే ఒకసారి తీసేస్తే చాలు. మరిగించిన గిన్నెలోనే మడ్డిని వదిలేసి పైతేట మాత్రమే పోసి ఉంటే అదీ అక్కర్లేదు. పులియడం ఉధృతంగా ఉన్నప్పుడు వాల్వు జోలికి వెళ్లొద్దు. కార్బన్ డయాక్సైడ్ బుడగలు అంతా కలియదిప్పేస్తుంటాయి, మీరు తీసేది పని చేస్తున్న ఈస్ట్‌నే.

గ్రావిటీ (బీరు సాంద్రత, పులిసేకొద్దీ తగ్గుతుంది) రెండు మూడు రోజులు కదలకుండా నిలిచి, వెన్న వాసన లేకుండా ఉందంటే అప్పుడు చల్లబరచండి. 2 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒకటి రెండు రోజులుంటే ఈస్ట్ బాగా దిగుతుంది. డ్రై హాపింగ్ (మరిగించకుండా నేరుగా బీరులోనే హాప్స్ వేయడం) చేసే ఆలోచన ఉంటే మాత్రం ఆ హాప్స్ వేయకముందే ఈస్ట్ తీసి దాచుకోవాలి. తర్వాత తీస్తే హాప్స్ తుక్కూ ఈస్టూ విడదీయలేం.

దాచుకునేటప్పుడు మొదటి కప్పు పారబోయండి. అందులో ట్రబ్, చచ్చిన కణాలు ఎక్కువ. తర్వాత మీగడలా, లేత రంగులో వచ్చేదే మనకు కావాలి. చివర్లో పలచగా వచ్చేది తొందరగా దిగని రకం, దాన్నే మళ్లీ మళ్లీ వాడితే ముందుముందు బీరు తేటపడటం కష్టమవుతుంది.

ఎంత కావాలంటారా? పులియకముందు 1.048 గ్రావిటీ ఉన్న 19 లీటర్ల ఏల్‌కు సుమారు 17,000 కోట్ల కణాలు చాలు. చిక్కటి ఈస్ట్‌లో మిల్లీలీటరుకు ఉజ్జాయింపుగా 100 కోట్లు ఉంటాయనుకుంటే 150 నుంచి 200 మిల్లీలీటర్లు సరిపోతుంది. లాగర్‌కైతే (చల్లగా పులియబెట్టే బీరు) రెట్టింపు. శానిటైజ్ చేసిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు వారాల్లోపు వాడేయండి. మూత బిగించొద్దు, లోపల గ్యాస్ పుట్టి గాజు పగిలే ప్రమాదం ఉంది.

ఇంకొక్క మాట. వాడిన ప్రతిసారీ కింది బటర్‌ఫ్లై వాల్వును పూర్తిగా విప్పి, రబ్బరు సీలు వెనక కూడా కడగండి. బయటికి తళతళలాడుతున్నా పాత ఈస్ట్ దాక్కునేది అక్కడే. తర్వాతి బ్యాచ్ పాడైతే ముందు నేను అనుమానించేది ఆ సీలునే.

న్యూజెర్సీ నుంచి మరో పాఠకుడు: "నా స్టీల్ కోనికల్‌లో తేలే బ్లూటూత్ హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే పరికరం) మూడు రోజులుగా 1.020 దగ్గర ఆగిపోయింది. ఒక్కోసారి ఫోన్‌కు సిగ్నలే అందడం లేదు. ఇదే స్థితిలో చల్లబరచి ఈస్ట్ తీసేయొచ్చా?"

తొందరపడొద్దు. స్టీలు గోడ బ్లూటూత్‌ను బాగా అడ్డుకుంటుంది, అందుకని ఫోన్‌ను ఫెర్మెంటర్ పక్కకే తీసుకెళ్లి చూడండి. ఇక అంకె సంగతి. ఈ పరికరం ఎంత వాలి తేలుతోందో చూసి గ్రావిటీ లెక్కగడుతుంది. నురగలోని ఈస్ట్, హాప్స్ ముక్కలు దానికి అంటుకుంటే ఆ వాలు మారిపోతుంది. శాంపిల్ కుళాయి నుంచి కాస్త తీసి మామూలు గాజు హైడ్రోమీటర్‌తో కొలవండి. అది చెప్పిందే నమ్మండి. ఫెర్మెంటర్‌కు ఉన్న ఉష్ణోగ్రత సెన్సర్ బీరులో మునిగి ఉందో లేదో కూడా చూడండి, సగం బ్యాచ్ వేస్తే అది గాలిని కొలుస్తుంటుంది.

చల్లబరిచేటప్పుడు లోపలి గ్యాస్ కుంచించుకుపోయి ఎయిర్‌లాక్ (గ్యాస్‌ను బయటికి వదిలే నీటి బిరడా) నీళ్లనూ, బయటి గాలినీ లోపలికి పీలుస్తుంది. ఎయిర్‌లాక్ తీసి, తయారీదారు అనుమతిస్తే 1, 2 పీఎస్ఐ ఒత్తిడితో కార్బన్ డయాక్సైడ్ గొట్టం తగిలించండి. అన్నీ బిగించేసి మాత్రం చల్లబరచొద్దు. పలుచని స్టీలు తొట్లు లోపలి శూన్యాన్ని తట్టుకోలేవు, సొట్టలు పోతాయి. ఈస్ట్ తీసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త.

హైదరాబాద్ నుంచి ఇంకొకరు: "అమెరికాలో ఉన్న మా బావ ఈసారి వచ్చేటప్పుడు చిన్న కోనికల్ తెస్తానన్నాడు. ఇంట్లో బీరు చేసుకోవచ్చా?"

చేయకండి. అమెరికాలో 1978 నాటి చట్టంతో ఇంటి బీరుకు ఫెడరల్ అనుమతి దొరికింది. ఇద్దరు పెద్దలున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల వరకు చేసుకోవచ్చు, అమ్మకూడదు. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ 1968 ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. ఆసక్తి ఉంటే నగరంలోని ఏదైనా మైక్రోబ్రూవరీకి వెళ్లి ట్యాంకులు చూపించమని అడగండి. అడుగున అదే కోన్, అదే వాల్వు కనిపిస్తాయి.