సందేహాలు – సమాధానాలు: గ్లైడర్ని ఈడ్చుకెళ్తారా, లాక్కెళ్తారా?

సందేహం: "నేను జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటానండి. వీకెండ్ వస్తే ఆర్సీ గ్లైడర్లు, అంటే నేల మీద నిలబడి రేడియో రిమోట్‌తో నడిపే మోడల్ గ్లైడర్లు, ఎగరేస్తాను. వీటికి ఇంజను ఉండదు కాబట్టి పెట్రోలు ఇంజనున్న ఇంకో మోడల్ విమానానికి తాడుతో కట్టి పైకి తీసుకెళ్ళి అక్కడ వదిలేస్తాం. ముందుండే విమానాన్ని ఇంగ్లీషులో టగ్ అంటారు, ఇక్కడివాళ్ళు ష్లెపర్ అంటారు. ఊళ్ళో మావాళ్ళకి చెబుదామని తెలుగులో రాస్తూ 'టగ్ గ్లైడర్ని ఈడ్చుకెళ్తుంది' అన్నాను, మా అమ్మ చదివి 'పాపం అదేం తప్పు చేసిందిరా' అని నవ్వింది. మరి లాక్కెళ్తుంది అంటే సరిపోతుందా? ఇంకోటి, మా ఫీల్డులో ఈ మధ్య ముగ్గురు నలుగురు తెలుగువాళ్ళం చేరాం, తెలుగులోనే అరుచుకుంటున్నాం. ఒకసారి నేను 'వదులు' అంటే టగ్ ఎగరేసే ఆయన వేరేలా అర్థం చేసుకున్నారు. ఈ మాటలు ఎలా వాడాలో చెప్తారా? నేను రాసిన వ్యాసం, ఒక వీడియో కూడా పంపిస్తున్నాను. చివరగా, టగ్ అనాలా టగ్గు అనాలా?"

సమాధానం: మీ అమ్మగారిదే కరెక్టండి. ఈడ్చడం అనే మాటలో నేల ఉంది. బస్తా ఈడ్చాం, మంచం గోడవారకి ఈడ్చాం, కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు, వీటన్నిట్లో వస్తువు కింద దేనికో రాసుకుంటూ, అడ్డం పడుతూ వస్తుంది, పైగా దానికి రావడం ఇష్టం లేదనో ఓపిక లేదనో ఒక అర్థం వెనకాలే ఉంటుంది. 'ఏదో సంసారం ఈడ్చుకొస్తున్నాం' అంటే వినేవాళ్ళకి ఆ బరువు తెలిసేది అందుకే. గాల్లో ఉన్న గ్లైడర్ దేనికీ రాసుకోదు కదా, తన రెక్కల మీద తను ఎగురుతోంది, ముందున్నది దానికి కావాల్సిన వేగం ఇస్తోంది అంతే. మీరు బహుశా ష్లెపెన్ అనే జర్మన్ మాటకి డిక్షనరీ చూసుంటారు, అక్కడ మొదట కనపడేది బరువైనదాన్ని ఈడ్వడమే. వాళ్ళు ఆ మాటని ఓడలకీ విమానాలకీ ఎప్పుడో సాగదీసుకున్నారు, మనం ఈడ్చుని అలా సాగదీయలేదు.

అలాగని ఈ మాటని పూర్తిగా పక్కన పెట్టక్కర్లేదు. మీ వీడియోలో మొదటి టేకాఫ్ చూడండి. ఒకబ్బాయి గ్లైడర్ రెక్క చివర పట్టుకుని నిలబడ్డాడు, గడ్డిలో వదులుగా పడున్న తాడు ముందు మెల్లగా పాములా కదిలింది, తర్వాత ఒక్కసారి గీత గీసినట్టు బిగిసింది, గ్లైడర్ కదిలింది, ఆ అబ్బాయి నాలుగు అడుగులు పక్కనే పరిగెత్తి వదిలేశాడు, ఇంకా సరిపడా వేగం రాలేదేమో ఎడమ రెక్క కిందకి వాలి గడ్డిని తాకింది. గ్లైడర్ మొత్తం ఎడమకి తిరగబోతే పైలట్ వెంటనే తాడు వదిలేశాడు. ఇక్కడ మాత్రం 'రెక్క గడ్డిలో ఈడ్చుకుంటూ పోయింది' అని రాయండి, దీనికి ఇంతకన్నా మంచి మాట లేదు. నేల మీదున్నంతసేపే ఈడ్చు.

ఇక లాగు. ఎద్దులు బండి లాగుతాయి, ఇంజను బోగీల్ని లాగుతుంది, విశాఖ పోర్టులో టగ్గులు ఓడల్ని లాగుతాయని పేపర్లో చదువుతూనే ఉంటాం. కాబట్టి 'టగ్ గ్లైడర్ని పైకి లాగుతుంది' అన్నది నిక్షేపంలాంటి తెలుగు. కానీ దానికి 'కొను' చేర్చి లాక్కెళ్తుంది అన్నారో, రంగు మారిపోతుంది. లాక్కోవడం అంటే మన దగ్గర గుంజుకోవడమే, పొలం లాక్కున్నారు, చేతిలో ఫోను లాక్కున్నాడు, పోలీసులు లాక్కెళ్ళారు, ఎక్కడ చూసినా అవతలివాడికి ఇష్టం లేదు. తప్పని అనను, మాట్లాడేటప్పుడు అందరం అంటాం, మీ ఫీల్డులో సరదాగా అనుకోవచ్చు కూడా. రాసేటప్పుడు మాత్రం 'తాడు కట్టి పైకి తీసుకెళ్తుంది' అంటే మీ అమ్మగారు నవ్వరు.

ఇంకో చిన్న తేడా కూడా ఉంది, ఇది చాలామంది పట్టించుకోరు. మన దేశంలో పుణె పక్కన హడప్సర్లో గ్లైడర్లని, మోడల్స్ కాదు మనుషులెక్కే పెద్దవే, విన్చ్‌తో పైకి పంపుతూ వచ్చారు. అక్కడ విన్చ్ కదలదు, గ్రౌండు అవతలి చివర కూర్చుని డ్రమ్ముకి తాడు చుట్టుకుంటుంది. దానికి 'లాగుతుంది' ఒక్కటే సరిపోతుంది, 'తీసుకెళ్తుంది' నప్పదు, ఎందుకంటే అది ఎక్కడికీ వెళ్ళట్లేదు. టగ్ అలా కాదు, తనూ వెళ్తూ వెనకాల గ్లైడర్ని వెంటబెట్టుకెళ్తుంది. లాగేది కదులుతోందా లేదా అన్నది ఆ 'కెళ్ళు' చెప్పేస్తుంది, మనం వేరే వివరణ ఇవ్వక్కర్లేదు.

తెలంగాణ వాళ్ళు మీలో ఉంటే 'టగ్గు గ్లైడర్ని గుంజుకపోతది' అంటారు, అది అక్కడి మామూలు మాట, లాగడానికి వాళ్ళ మాట గుంజుడే. కోస్తా వాళ్ళకి గుంజడం అంటే కుదుపు, ఒక్కసారి ఝాడించి లాగడం. మీ గ్రూపులో రెండు వైపుల వాళ్ళూ ఉంటే ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే తాడు ఇంకా వదులుగా ఉండగానే టగ్ పైలట్ ఫుల్ పవర్ ఇచ్చేస్తే జరిగేది కోస్తా గుంజుడు, దానికి గ్లైడర్ ముక్కు దగ్గర, బరువెక్కువైతే ముందు అదే తెగాలని కట్టిన సన్న లంకె పుటుక్కున తెగుతుంది. 'మెల్లగా గుంజు' అని వరంగల్ ఆయన అంటే గుంటూరాయనకి అర్థంలేని మాటలా వినపడొచ్చు.

దీనికి సంస్కృతంలో ఒక పేరు పెట్టమని ఎవరైనా అడుగుతారని నాకు తెలుసు, విమానకర్షణమో వాయుకర్షణమో. కర్షణం అంటే లాగడమే, నిజమే, కానీ నాగలి లాగి దున్నేవాడు కర్షకుడు కూడా ఆ ధాతువులోంచే వచ్చాడు, రేపు మీ టగ్ పైలట్‌ని కర్షకుడు అనాల్సొస్తుంది. వద్దులెండి. ఏరోటో అనండి, టోయింగ్ అనండి, 'టో చేశాం' అనేది హైదరాబాదులో ఎప్పటినుంచో ఉంది. అక్కడ ట్రాఫిక్ వాళ్ళు బండి తీసుకుపోతే మాత్రం జనం 'ఎత్తుకుపోయారు' అంటారు, క్రేనుతో లేపుతారు కాబట్టి. చూశారా, పని ఎలా జరుగుతోందో చూసి క్రియ ఎంచుకోవడం మనవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రమాదకరమైన సంగతికొద్దాం, 'వదులు'. ఈ మాట తెలుగులో రెండు పనులు చేస్తుంది. ఒకటి ఆజ్ఞ, చెయ్యి వదులు, తాడు వదులు. రెండోది విశేషణం, చొక్కా వదులు, తాడు వదులుగా ఉంది. గాల్లో తాడు బిగువు తప్పి వేలాడటం మీ ఆటలో రోజూ జరిగేదే, టగ్ మలుపులో కాస్త నెమ్మదించినా గ్లైడర్ పైనుంచి కిందకి దిగినా తాడు వేలాడిపోతుంది. అప్పుడు మీరు కంగారుగా 'తాడు వదులు!' అన్నారనుకోండి, 'లూజయ్యింది, చూసుకో' అని మీ ఉద్దేశం, అవతలాయన తన స్విచ్ నొక్కేస్తారు, 20, 30 మీటర్ల తాడు మీ గ్లైడర్ ముక్కుకి వేలాడుతూ మీకే మిగులుతుంది. మీరు చెప్పిన గొడవ ఇదే అయ్యుంటుంది. పైగా 'వదలకు' అన్నా గాలి హోరులో మొదటి రెండక్షరాలే వినపడతాయి, ఆ రెండూ దాదాపు ఒకటే. కాదనే మాటా చెయ్యమనే మాటా ఒకేలా మొదలవడం ఇలాంటిచోట మంచిది కాదు.

నా సలహా ఇది. విడిపించమని చెప్పడానికి ఎప్పుడూ 'వదిలెయ్' అనండి. ఆ 'ఎయ్' ఊరికే చేరింది కాదు, పని పూర్తిగా అయిపోవాలి అని చెప్తుంది, తినెయ్, పారెయ్, వచ్చెయ్ లాగా, దాన్ని విశేషణం అని ఎవరూ పొరబడరు. తాడు బిగువు తప్పితే 'లూజు' అనండి, మన హైదరాబాద్ పతంగుల వాళ్ళు డీల్ అంటారు, అదీ బాగుంటుంది కానీ డీల్ అంటే వాళ్ళు కావాలని ఇచ్చేది, మీకు అనుకోకుండా వచ్చేది, కాబట్టి లూజే నయం. వద్దని చెప్పాలంటే వదలకు బదులు 'ఆగు' అనండి. బయల్దేరే ముందు జర్మన్లు 'జైల్ ష్ట్రాఫ్' అంటారు కదా, దానికి 'తాడు బిగిసింది' చక్కగా సరిపోతుంది, ఇందులో వదులుకి చోటే లేదు.

వదిలాక ఏం జరిగిందో చెప్పుకునేటప్పుడు కూడా మన క్రియలు చాలా పని చేస్తాయి, వాటిని వాడుకోండి. గ్లైడర్ ముక్కులో ఏముంటుంది, ఒక చిన్న గొట్టం, దానికి అడ్డంగా సర్వో (రిమోట్ చెప్పినట్టు కదిలే చిన్న మోటారు) లాగే ఒక స్టీలు పుల్ల, తాడు చివరి ముడిలోంచి ఆ పుల్ల దూరి పట్టుకుంటుంది. పైలట్ స్విచ్ వేస్తే పుల్ల వెనక్కి జరిగి ముడి జారిపోతుంది, ఇది 'వదిలాను'. స్విచ్ వెయ్యకుండానే పుల్ల సరిగా దూరక జారిపోతే 'ఊడింది'. లంకె బరువు తట్టుకోలేకపోతే 'తెగింది'. మూడిట్లోనూ కిందనుంచి చూస్తే కనపడేది ఒకటే, తాడు ఒక్కటి టగ్ వెనకాల ఊగుతుంటుంది, కారణాలు మాత్రం మూడు, తర్వాత చెయ్యాల్సిందీ ఒక్కోదానికి వేరు. ఊడితే పుల్ల చూసుకోవాలి, తెగితే ఎందుకంత కుదుపు వచ్చిందో చూసుకోవాలి. మనకో అలవాటుంది, మనం చేసినదాన్ని కూడా 'ఊడింది, పడిపోయింది, పగిలిపోయింది' అని అకర్మకంలో చెప్పేసి తప్పించుకుంటాం, గ్లాసు పగలగొట్టిన పిల్లాడు పగిలింది అంటాడే అలా. ఫీల్డులో అది పనికిరాదు, మీరు వదిలితే వదిలానని చెప్పండి.

టగ్ వైపు కూడా ఇంతే. గ్లైడర్ మరీ పైకెక్కిపోయిందంటే తాడు టగ్ వెనకభాగాన్ని పైకి లాగుతుంది, ముక్కు కిందకి దిగిపోతుంది, ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక రెక్క) పూర్తిగా లాగినా లేవదు, అప్పుడు టగ్ పైలట్ ఎవర్నీ అడక్కుండా తనవైపు వదిలేస్తాడు. అక్కడ 'వదిలాడు' కన్నా 'వదిలించుకున్నాడు' కరెక్టు, తెలుగులో ఆ 'ఇంచు' 'కొను' రెండూ కలిస్తే ప్రాణాలు దక్కించుకున్నట్టే వినపడుతుంది. ఈ తలనొప్పి తగ్గించుకోవడానికే మోడల్ టగ్గుల్లో చాలావాటికి కొక్కెం తోక చివర పెట్టరు, రెక్క వెనకాల వీపు మీద పెడతారు. తోకకి కడితే వెనకాల గ్లైడర్ పక్కకి జరిగినప్పుడల్లా తోక పట్టుకుని గుంజుతుంది (ఇది కోస్తా గుంజుడే), టగ్ తనకి కావాల్సినవైపు తిరగలేదు.

వదిలే ఆ పరికరానికి పేరు కావాలంటే 'విడుపు' ఉంది. కొత్తది కాదు, పట్టువిడుపులు అని రోజూ అంటూనే ఉన్నాం, పట్టు ఉన్నచోట విడుపు ఉంటుంది. 'ముక్కు విడుపు పనిచెయ్యట్లేదు' అంటే ఒక్కసారి వింటే అర్థమయ్యే మాటే. రిలీజ్ అన్నా నాకేం పట్టింపు లేదు. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం 'ఇవాళ తాడు తెగింది' అని మొదలుపెట్టకండి, మన పెద్దవాళ్ళకి తాడు తెగడం అంటే తాళి గుర్తొస్తుంది, 'లంకె తెగింది' అనండి, ఎలాగూ తెగేది లంకే.

మీ వ్యాసంలో ఇంకోచోట 'టగ్ కన్నా ముందే గ్లైడర్ ఎగిరింది' అని రాశారు. తాడుకి వెనకున్నది ముందెలా ఎగిరిందని చదివేవాళ్ళు ఆగిపోతారు. జరిగేది నాకర్థమైంది, గ్లైడర్‌కి దాని రెక్కల సైజుకి బరువు తక్కువ, టగ్ ఇంకా చక్రాల మీద పరిగెడుతుండగానే అది నేల విడుస్తుంది. అప్పుడు 'లేచింది' అనండి. పైన తాడు వదిలాక ఇంజను లేకుండా తిరుగుతోంది చూడండి, దానికి 'తేలుతోంది' అనండి, గద్దకి అంటాం కదా. లేవడం, ఎగరడం, తేలడం మూడూ మీ ఆటలో మూడు వేరే దశలు, అన్నిటికీ ఎగిరింది ఒక్కటే రాస్తే సగం ఆట చదివేవాళ్ళకి కనపడదు.

చివర్లో టగ్ అనాలా టగ్గు అనాలా అని కూడా అడిగారు. బస్ బస్సయినట్టే టగ్ టగ్గవుతుంది, రెండూ ఒప్పే. బహువచనానికి మాత్రం టగ్స్ వద్దు, టగ్గులు అనండి, గ్లైడర్స్ కాదు గ్లైడర్లు.